ఈసారి కార్డు గీకి పండగ చెయ్యకు

తెనాలి,
2025 అక్టోబరు 12

చిన్నికి, అమ్మ దీవెనలు.

గుడి నుంచి వచ్చి, అన్నం తిని, మీ నాన్న కునుకు తీస్తుంటే రాస్తున్నాను. ఫోన్లో చెబితే "సర్లే అమ్మా" అని పెట్టేస్తావు. కాగితం మీదైతే రెండోసారైనా చూస్తావని ఆశ.

మొన్న వేసవిలో నీ ఫోను చార్జింగు పెడుతుంటే క్రెడిట్ కార్డు వాళ్ళ మెసేజ్ కనబడింది గదా. అడిగితే గానీ చెప్పలేదు నువ్వు. పోయిన క్రిస్మస్‌కి నాకు చీర, నాన్నకి ఫోను, తమ్ముడికి బూట్లు, అంతా కలిసి పద్దెనిమిది వేలు. మే నెలలో కూడా ఆ క్రిస్మస్‌నే కడుతున్నావు! మన వీధిలో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే అమ్మో అని గుండెలు బాదుకుంటాం. నీ కార్డుది మూడున్నర. పద్దెనిమిది వేలకి ఒక్క నెల వడ్డీయే 630, దాని మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ. పైగా పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా ఏం కొన్నా ఆ రోజు నుంచే వడ్డీ పడుతుందట, తమ్ముడు చెప్పాడు. ఆ చీర కట్టుకున్నప్పుడల్లా కుచ్చిళ్ళు పెట్టుకుంటూ లెక్కలు వేసుకుంటున్నాను. చీర మాత్రం బాగుంది, అది వేరే మాట.

మీ అమ్మమ్మ ఏం చేసేదో నీకు ఎప్పుడూ చెప్పలేదు. పొయ్యి పక్కన రెండు కుండలుండేవి. ఎసట్లో పొయ్యడానికి బియ్యం కొలిచాక, చేటలోంచి ఒక పిడికెడు గుడి కుండలో వేసేది. అది ఆదివారం పాస్టరు గారింటికి పోయేది. ఇంకో పిడికెడు రెండో కుండలో. పూటకో పిడికెడు, రోజుకు రెండు. పురుగు పట్టకుండా పైన వేపాకు. కుండ నిండితే గోనె సంచిలో పోసేది. ఇంట్లో గింజలు నిండుకున్న రోజు కూడా మాకు గంజి పోసి పడుకోబెట్టింది గానీ ఆ సంచి విప్పలేదు. డిసెంబరు మొదట్లో కొలిస్తే పాతిక కిలోల దాకా తేలేవి. అవి కొట్లో వేసి ఒకే తానులో గుడ్డ తెచ్చేది. అన్నయ్యకి చొక్కా, నాకూ పిన్నికీ గౌన్లు, మిగిలిన ముక్కతో దిండు గలీబు. క్రిస్మస్ రోజు గుడిలో ముగ్గురం వరసగా కూర్చుంటే బ్యాండుమేళం వాళ్ళలా ఉన్నామని అందరూ నవ్వేవాళ్ళు. నాకు భలే సిగ్గేసేది.

నేను ఆవిడంత తెలివిగా చెయ్యలేదులే. నువ్వు ఆరో తరగతిలో ఉండగా పండగ చీటీ కట్టాను. నెలకు మూడు వందలు, పన్నెండు నెలలు కడితే డిసెంబరులో నూనె డబ్బా, పప్పులు, బెల్లం, నెయ్యి, పైన ఓ స్టీలు బిందె. నవంబరులో ఆ చీటీ నడిపే మనిషి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. చేతిలో రసీదు లేదు, అట్ట మీద ఆవిడ సంతకాలు తప్ప. చిట్‌ఫండ్ చట్టం 1982 నుంచీ ఉందని, చీటీ అంటే రిజిస్టరు చేయించాలని, ఆ తర్వాత ఎవరో చెబితే తెలిసింది. ఆ ఏడు అరిసెలకి బెల్లం అప్పు తెచ్చాను. అందుకే మీ ఆఫీసు అమ్మాయిలెవరో చీటీ వేస్తున్నారన్నావు చూడు, అందులో మాత్రం చేరకు.

సరే, ఈ ఏటి సంగతి. నీకు పండగలోపు ఇంకా రెండు జీతాలు వస్తాయి. ఒక్కోదాంట్లోంచి ఆరు వేలు తీసి వేరే ఖాతాలో పడెయ్. ఆ పన్నెండు వేలే నీ క్రిస్మస్. ఆఫీసులో ఆ సీక్రెట్ శాంటా గిఫ్టు కూడా అందులోనే.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే ఇస్తున్నారు గదా, ఇదివరకటిలా 120 కాదు. డిసెంబరు 23కి కావాలంటే అక్టోబరు 24 శుక్రవారం పొద్దున 8 గంటలకి ఫోను పట్టుకుని కూర్చో. స్లీపరైతే మూడొందల లోపే. పోయినేడు ఆఖర్న ప్రైవేటు బస్సుకి పద్దెనిమిది వందలు పోశావు. రెడీమేడ్ డ్రస్సు కొనుక్కుంటే 2500 లోపుది చూడు. పోయిన నెల 22 నుంచి అంతవరకూ జీఎస్టీ 5 శాతమే, దాటితే 18. గుడ్డ తెస్తే ఇంకా మంచిది, నేను కుట్టి పెడతాను. డిసెంబరు 10 దాటాక వచ్చిన జాకెట్టుకి అర్జెంటని యాభై ఎక్కువ తీసుకునేదాన్ని నేనే, నాకు తెలియదా ఆలస్యం ఖరీదెంతో! ఆ యాభైలతోనే మన కేకు వస్తుందనుకో.

స్టారు కొనకు. అటక మీది వెదురు బద్దలు మీ నాన్న దించారు. ఒకటి విరిగింది, మిగతావి గట్టిగానే ఉన్నాయి. రంగు కాగితం, బల్బు చాలు.

కానుక మాత్రం తగ్గించకు. కేరల్స్ వాళ్ళకిచ్చేదీ, పండగ రోజు మన వీధిలో వాళ్ళకి పంచే బిర్యానీ కూడా. అవి నేను చూసుకుంటాను, ఈ మూడు నెలలూ మిషను మీద వచ్చిందంతా దానికే తీసిపెడుతున్నా.

వచ్చే ఏటికి బ్యాంకులో ఏడాది ఆర్‌డీ, అదే నెలనెలా ఇంతని వేసే డిపాజిట్, కట్టు. పోస్టాఫీసుది నెలకు వందతో కూడా మొదలుపెట్టొచ్చు గానీ అది ఐదేళ్ళది, మనకి కుదరదు. ఈ డిసెంబరు 5న మొదలుపెడితే వచ్చే డిసెంబరు 5కి చేతికొస్తుంది. నెలకి వెయ్యి చాలు.

మాకేం తేవద్దు. నాన్నగారి ఫోను బాగానే పనిచేస్తోంది, అద్దం ఒక మూల చిట్లింది, అంతే.

నీ కొలత జాకెట్టు నా దగ్గరే ఉంది, రెండేళ్ళ నాటిది. హాస్టలు తిండికి ఒళ్ళు వచ్చిందో తగ్గిందో నిజం చెప్పు, ఆ మేరకు కుట్లు వదులుతాను.

అమ్మ