మురళికి, మీ ఇంటి ముందు జాగా గురించి

రాజమహేంద్రవరం

ఒరేయ్ మురళీ,

మొన్న నీతో ఫోన్లో మాట్లాడినప్పటి నుంచీ ఇదే ఆలోచన. గృహప్రవేశం అయింది, చేతిలో డబ్బులన్నీ అయిపోయాయి, ఇంటి ముందు జాగా మాత్రం బోసిగా ఉందన్నావు. ఎవరో లాన్, ఫౌంటెను, సిమెంటు కొంగలు అన్నీ కలిపి లక్షన్నర చెప్పాడన్నావు కదా, దయచేసి ఒప్పుకోకురా. సూర్యాపేట ఎండల్లో ఆ గడ్డికి నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చి పోస్తావు? పైగా ఆ కొంగలు ఏ కాలనీకి వెళ్లినా కనిపిస్తాయి. గేటు తీసి లోపలికొచ్చిన మనిషికి ఇది మురళి ఇల్లని, టైలరు గారబ్బాయి ఇల్లని తెలియాలి. అది కొంటే వచ్చేది కాదు.

ముందు ఊరెళ్లి పాతిల్లు తెరువు. కొట్టుగదిలో మీ నాన్నగారి కుట్టుమిషను ఇనుప స్టాండు ఇంకా ఉంది కదా? పాత సామాన్లవాడికి తూకానికి వేశానని మాత్రం చెప్పకు. దాన్ని గరుకు కాగితంతో బాగా రుద్ది, తుప్పంతా పోయాక ఒక కోటు రెడాక్సైడు, అది ఆరాక రెండు కోట్లు నల్ల ఎనామిల్ వెయ్యి. చెక్క బల్ల ఎలాగూ చెద పట్టి ఉంటుంది, దాని బదులు పైన ఒక తాండూరు బండ పరుచు. మెట్ల పక్కన పెడితే నాలుగైదు కుండీలు హాయిగా నిలుస్తాయి. కింద ఆ పెద్ద చక్రం ఉంటుంది చూడు, దాని మొదట్లో శంఖుపువ్వు గింజలు నాటు. తీగ చక్రం పుల్లల్లోంచి దూరుకుంటూ పైకెక్కుతుంది. కాళ్లు ఆనించే పలకను మాత్రం తీగకు వదలకు, ఖాళీగా ఉంచు. నాన్నగారి కాళ్లు పడీ పడీ అది నున్నగా అరిగిపోయింది, దానికి రంగు కూడా వెయ్యొద్దు. ఏడాదికోసారి కాస్త నూనె గుడ్డతో తుడిస్తే చాలు. షాపు రేకు బోర్డు కూడా దొరికితే తీసుకురా. పెయింటరు చేత్తో రాసిన అలాంటి అక్షరాలు ఇప్పుడు ఎంత డబ్బు పెట్టినా రావు. పోర్టికో గోడకు, వాన తగలని చోట బిగించు.

అక్కడే మీ నాయనమ్మ రోలు ఉంటుంది. దాన్ని చెట్టు నీడన పెట్టి నీళ్లు పోస్తే గోరింకలు, పికిలి పిట్టలు వచ్చి మునుగుతాయి. అయితే నీళ్లు రెండు రోజులకోసారి పారబోసి, లోపల పీచుతో రుద్దాలి. దోమ గుడ్డు పెట్టిన వారం పది రోజుల్లో కొత్త దోమ లేస్తుంది, డెంగ్యూ దోమకు కావలసింది అలాంటి నిలవ నీళ్లే. పాత టైర్లలో మొక్కలు పెట్టే వాళ్లను చూసి నువ్వూ పెడితే అడుగున బెజ్జాలు కొట్టించు.

ఇక నడిచే దారి. బండల షాపు వెనక కోతలో విరిగిన తాండూరు ముక్కలు గుట్టగా పడి ఉంటాయి, నీలానివీ పసుపువీ. ఆటో కిరాయి కూడా కలిపి చాలా తక్కువలో వస్తాయి. మట్టిని దిమ్మిసతో కొట్టి, రెండంగుళాలు ఇసుక పోసి, వాటిని అడ్డదిడ్డంగానే పరిచెయ్యి. సందుల్లో సిమెంటు పొయ్యొద్దు, వాన నీరు భూమిలోకి దిగాలి. గేటు దగ్గర మాత్రం ఒక పెద్ద పలక చదునుగా వేయించు, మా చెల్లెమ్మకు ముగ్గు వేసుకోను వీలుగా ఉంటుంది.

గృహప్రవేశంలో పగిలిన పింగాణీ కప్పులు, మిగిలిన టైలు ముక్కలు పారెయ్యలేదుగా? పిల్లల చేత పాత గాజులు కూడా పోగు చేయించు. కాంపౌండు గోడ మీద ఒక మూరెడు వెడల్పున, ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుక కలిపి పూసి, పచ్చిగా ఉండగానే ముక్కలు అద్దించు. పదునైన అంచులు లోపలికే పోవాలి, గాజు ముక్కలు నువ్వే అద్దు. కాస్త బిగిశాక తడి గుడ్డతో తుడిచి, వారం పాటు నీళ్లు చల్లు. బొమ్మ ఏం వెయ్యాలో పిల్లల్నే అడుగు.

ఇది చెబుతుంటే చండీగఢ్ రాక్ గార్డెన్ గుర్తొస్తుంది. నేక్‌చంద్ అనే రోడ్ల ఇన్‌స్పెక్టరు 1957 నుంచి, డ్యూటీ అయ్యాక, ఎవరికీ చెప్పకుండా అడవి జాగాలో కట్టుకుంటూ పోయాడు. పగిలిన సింకులు, కప్పులు, గాజులు, అన్నీ జనం పారేసినవే. దేశవిభజనలో ఆయన సొంతూరు పాకిస్తాన్‌లో ఉండిపోయింది. మొదలుపెట్టిన దాదాపు 18 ఏళ్లకు ఆ తోట అధికారుల కంటపడింది, 1976లో జనానికి తెరిచారు, 1984లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ గాజుల బొమ్మల వరసలు చూస్తే ఒక్కటీ కొన్న బొమ్మలా ఉండదురా, ప్రతిదాన్లో ఆయన చెయ్యి తెలుస్తుంది.

కుండీలకు పెద్దగా ఖర్చు పెట్టకు. మట్టి కుండలకు జాజు పూసి, సున్నంతో చుక్కలు పెడితే చాలు. పెయింటు డబ్బాలు వాడితే నీడనే ఉంచు, ఎండకు రేకు కాలి వేళ్లు మాడిపోతాయి.

మొక్కలు కొనడానికి కడియం వస్తానన్నావు. తప్పకుండా రా, కానీ కొనే ముందు మీ వీధి చుట్టూ ఒకసారి తిరుగు. చంద్రకాంత, కాశీరత్నం, బంతి, ఎవరినడిగినా గింజలిస్తారు. ఎవరిచ్చారో గుర్తుంచుకుంటే వాళ్లతో మాటలు కూడా కలుస్తాయి, మీరు కొత్తగా వెళ్లారు కదా. కడియంలో రాధామనోహరం ఒక్కటి కొనిపెడతాను, గేటు మీదికి పాకిద్దాం. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, గులాబీగా మారి, చివరికి ఎర్రబడుతుంది, ఒక్క గుత్తిలోనే మూడు రంగులూ కనిపిస్తాయి.

శంఖుపువ్వు గింజలు ఈ కవర్లోనే పెట్టాను, మా పెరటివే. రాత్రంతా నానబెట్టి, తొలకరి పడగానే నాటు. ఆ స్టాండు దొరికిందో లేదో మాత్రం వెంటనే ఫోన్ చేసి చెప్పు. అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

నీ
ప్రసాదు