‘ఓవర్‌క్వాలిఫైడ్’ మాటున వయసు వివక్ష: కేంద్ర కార్మిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. యాభై దాటినవాళ్లు తమ అనుభవానికి చిన్నదైన ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటే తరచూ వినిపించే జవాబు ‘మీరు ఓవర్‌క్వాలిఫైడ్’, అంటే ఈ పనికి మీ అర్హత మరీ ఎక్కువ అని. అలా అన్న ప్రైవేటు యజమానిని నిలదీసే చట్టం మనకు లేదు. నియామకాల్లో లింగ వివక్షను 2019 వేతనాల కోడ్ మూడో సెక్షన్ నిషేధించింది. హెచ్ఐవీ ఉన్నవారికి 2017 చట్టం అండగా ఉంది. వయసు ఊసు మాత్రం ఎక్కడా లేదు.

అసలు వడపోత ఇంటర్వ్యూకి ముందే అయిపోతుంది. జాబ్ పోర్టల్‌లో రిక్రూటర్ ‘అనుభవం 3–7 ఏళ్లు’ అని పెట్టగానే పాతికేళ్లు పనిచేసినవారి సీవీ తెరమీదికే రాదు. పుట్టిన తేదీ అడగకపోయినా, డిగ్రీ పూర్తయిన సంవత్సరం అడిగితే లెక్క తేలిపోతుంది. కనీస అనుభవం కావాలనడం పని అవసరం. ఇంతకు మించి ఉండకూడదనడానికి ఆ పనిలో కారణం చాలా అరుదుగా దొరుకుతుంది.

అమెరికాలో 1967 నాటి చట్టం 20 మందికి తగ్గకుండా పనిచేసే సంస్థల్లో 40 ఏళ్లు, ఆపైన వయసున్నవారికి రక్షణనిస్తుంది. అనుభవం ఎక్కువైందనడం ‘వయసు ఎక్కువైంది’ అన్నదానికి ముసుగేనని అక్కడి ఫెడరల్ అప్పీళ్ల కోర్టుల్లో ఒకటైన రెండో సర్క్యూట్ కోర్టు 1991లోనే చెప్పింది. కానీ 2019లో ‘3 నుంచి 7 ఏళ్లు, అంతకు మించరాదు’ అన్న ప్రకటన మీద 58 ఏళ్ల అభ్యర్థి వేసిన కేసు అలాంటి మరో కోర్టు, ఏడో సర్క్యూట్‌లో వీగిపోయింది. వివక్ష ఉద్దేశాన్ని రుజువు చేయకుండా, పెద్దవాళ్లకు నష్టం జరుగుతోందని చూపి అడిగే హక్కు ఉద్యోగంలో ఉన్నవారికే తప్ప బయటి దరఖాస్తుదారులకు లేదని ఆ కోర్టు తేల్చింది. చట్టంలో ఆ హక్కునిచ్చే క్లాజులో ‘దరఖాస్తుదారు’ అన్న మాట లేకపోవడమే కొంప ముంచింది. మనకూ ఇలాంటి చట్టం కావాలి, దాని ముసాయిదాలో ఆ ఒక్క మాటా తప్పిపోకూడదు.

త్వరగా మానేస్తారని, జీతం చాలదంటారని యజమానులకు ఉన్న భయం నిజమైనదే. జీతం ఎంతో ప్రకటనలోనే వేసి, ఎంతకాలం ఉండగలరో నేరుగా అడగనివ్వండి. జవాబు వినకుండానే తిరస్కరించడాన్ని నిషేధించండి. ఓవర్‌క్వాలిఫైడ్ అన్నప్పుడు కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి, అది వయసు కాదని నిరూపించే భారం యజమానిదే కావాలి.

1960లో మనం ఆమోదించిన ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 111వ ఒప్పందంలో వివక్షకు కారణాలుగా చెప్పిన జాబితాలో వయసు లేదు. కానీ యజమానుల, కార్మికుల సంఘాలతో సంప్రదించి కొత్త కారణాలు చేర్చుకోవచ్చని అందులోనే ఉంది. ఆ సంప్రదింపులు మొదలుపెట్టండి. ఉద్యోగం దొరకనివారికి పింఛనూ వెంటనే ఆసరా కాదు: ఈపీఎస్ (ఉద్యోగుల పింఛను పథకం) పూర్తి పింఛను 58 ఏళ్లకు గాని రాదు. పనిలేక ముందే తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది, అదీ బతికినంతకాలం.

ఇట్లు,
నియామకాలు, కార్మిక చట్టాల రంగాల్లో పనిచేస్తున్న కొందరం