నాలుగు నెలలుగా నా లైటు మీ దగ్గరే ఉంది, జవాబు మాత్రం లేదు

కాళ్ళ మండలం, పశ్చిమ గోదావరి జిల్లా
2025 మే 12

వినియోగదారుల సేవా విభాగం ముఖ్య అధికారి గారికి,

విషయం: మరమ్మతుకు ఇచ్చిన నా రీఛార్జబుల్ చేతిలైటు గురించి, అంతకంటే ముఖ్యంగా, పరిష్కరించకుండానే అయిదుసార్లు మూసేసిన నా ఫిర్యాదు గురించి.

అయ్యా,

మీ సంస్థకు నేను ఫోను చేశాను, ఈమెయిలు పంపాను, వాట్సాప్‌లో రాశాను, చివరికి బస్సెక్కి మీ సర్వీసు సెంటరుకు స్వయంగా వెళ్ళాను. ప్రతిసారీ ఒక ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ప్రతి నంబరూ నా సమస్య తీరకుండానే ఏదో ఒక మాటతో మూతపడింది. రిజిస్టర్డు పోస్టులో వచ్చిన ఉత్తరాన్ని ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకోవాలి గనుక, ఈసారి కాగితం మీద రాస్తున్నాను. దీన్ని చివరిదాకా చదవమని మిమ్మల్ని వేడుకుంటున్నాను, ఎందుకంటే మీ సంస్థలో ఇంతవరకు నా మాట పూర్తిగా విన్నవారు ఒక్కరూ లేరు.

నేను ఆరెకరాల చెరువులో వనామీ రొయ్యలు పెంచే రైతును. చేతిలైటు మాకు సరదా వస్తువు కాదు. పగలు ఆక్సిజన్ ఇచ్చే నీటిలోని నాచు, చీకటి పడ్డాక రొయ్యలతో పాటు తానూ దాన్ని పీల్చుకుంటుంది. అందువల్ల తెల్లవారుజామున మూడు, అయిదు గంటల మధ్య నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ సమయంలో కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయంటే, జనరేటరు అందుకునేలోపు గట్టు మీద నిలబడి లైటు వేసి, నీటి పైభాగాన రొయ్యల కళ్ళు ఎర్రగా మెరుస్తున్నాయా అని వెతుక్కోవాలి. అవి గుంపుగా పైకి తేలాయంటే మాకు మిగిలేది నిమిషాలే. పైగా ఆ గట్ల మీద కట్లపాము, రక్తపింజరి తిరుగుతుంటాయి. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగడానికి వంగే ముందు అడుగు ఎక్కడ పడుతోందో కనిపించాలి. లైటు లేకుండా రాత్రిపూట మకాం దాటి బయటికి వచ్చే రైతు మా వైపు ఉండడు.

మీ మొదటి లైటును 2019లో కొన్నాను. రెండవది 2021లో కొన్నాను. 2022 జులైలో గోదావరికి వరద వచ్చి, ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, కోనసీమ లంకల్లో ఉన్న మా అత్తవారి ఊరికి ఆ రెండవ లైటునే పట్టుకుని వెళ్ళాను. కరెంటు లేని ఆ రాత్రుళ్ళలో పడవ రేవు దగ్గర పశువులను, ముసలివాళ్ళను ఎక్కించడానికి అదే ఆధారమైంది. నీళ్ళలో రెండుసార్లు పడినా ఆరిపోలేదు. ఆ సంగతి నేను ఊరంతా చెప్పుకున్నాను. ఆ నమ్మకంతోనే, అంతకంటే దూరం కొట్టే మీ కొత్త రకాన్ని 2024 ఆగస్టులో మీ వెబ్‌సైటులోనే ఆర్డరు పెట్టి, 6,400 రూపాయలు కట్టి తెప్పించుకున్నాను.

మీ లైటు పక్షాన నేను ఎంతగా వాదించానో కూడా మీకు తెలియాలి. మా పక్క చెరువు రైతు బజారులో ఒక లైటు కొన్నాడు. దాని డబ్బా మీద లక్ష ల్యూమెన్లని, లోపలి 18650 సైజు రీఛార్జి సెల్లు మీద, అది పట్టే ఛార్జి 9,900 ఎంఏహెచ్ అని అచ్చువేసి ఉంది. ఒక రాత్రి ఇద్దరం ఒకేచోట నిలబడి, అవతలి మూలనున్న మోటారు షెడ్డు మీదికి రెండు లైట్లూ వేసి చూశాం. అతనిది కాళ్ళ ముందు గట్టునంతా తెల్లగా పరిచింది గాని చెరువు సగం కూడా దాటలేదు. మీది మంచును చీల్చుకుంటూ వెళ్ళి ఏరేటరు రెక్కల మీద పడింది. ల్యూమెన్లంటే లైటు నుంచి వచ్చే మొత్తం వెలుగు మాత్రమేనని, దూరం వెళ్ళాలంటే ఆ వెలుగును అద్దం ఒకచోటికి కూడగట్టాలని, దూరం రెట్టింపు కావాలంటే ఆ కూడగట్టిన వెలుగు నాలుగు రెట్లు కావాలని అతనికి విడమరిచి చెప్పాను. ప్రమాణం ప్రకారం కొలిచి డబ్బా మీద వేసే మీటర్లు కూడా వెలుగు పావు లక్సుకు, అంటే దాదాపు పున్నమి వెన్నెలంతకు, పడిపోయే దూరమేనని, అక్కడ మనిషి ముఖం గుర్తుపట్టవచ్చని ఆశించకూడదని చెప్పాను. ఆ సైజు సెల్లులో నిజంగా పట్టేది 3,500 ఎంఏహెచ్‌కు అటూఇటూ మాత్రమేనని, 9,900 అని రాయడం మోసమని చెప్పాను. ఆ రాత్రి తరువాత నా మాట మీద మా చుట్టుపక్కల పదకొండు మంది రైతులు మీ లైట్లు కొన్నారు. ఇందుకు మీ సంస్థ నుంచి నేను ఏనాడూ ఏమీ ఆశించలేదు. నిజాయితీగా కొలిచి అమ్మేవారు నిలబడాలన్న కోరిక తప్ప మరొకటి లేదు.

2024 డిసెంబరు రెండవ వారంలో ఆ లైటు ఛార్జి ఎక్కడం మానేసింది. రాత్రంతా పెట్టినా ఎర్రదీపం పచ్చగా మారదు, వేసిన పది నిమిషాలకే ఆరిపోతుంది. యంత్రమన్నాక పాడవుతుంది. దాని గురించి నాకు కోపం లేదని ముందే స్పష్టం చేస్తున్నాను.

డిసెంబరు 16న మీ సహాయ కేంద్రానికి ఫోను చేశాను. తెలుగు కోసం నాలుగు నొక్కమంటే నొక్కాను. ఇరవై రెండు నిమిషాలు పాట విన్న తరువాత ఒకరు హిందీలో మాట్లాడారు. నాకు వచ్చినంత హిందీలో విషయం చెప్పాను. ఆమె, ఎక్కువ వెలుగులో పెట్టినప్పుడు లైటు వేడెక్కి తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుందని, అది లోపం కాదని చదివి వినిపించారు. నేను అడిగింది అది కాదని, వెలుగు తగ్గడం వేరు, ఆరిపోవడం వేరు అని చెప్పాను. ఆమె అదే పేరాను మొదటినుంచి మళ్ళీ చదివారు. మూడవసారి కూడా చదివారు. ఫోను పెట్టేసిన గంటలోపే నా సమస్య పరిష్కారమైనట్టు సందేశం వచ్చింది.

రెండవసారి మాట్లాడిన యువకుడు మర్యాదగా ‘సార్’ అని పిలుస్తూనే, బటనును పది సెకన్లు నొక్కి పట్టుకోమన్నాడు. నొక్కాను. ఛార్జింగు వైరు మార్చమన్నాడు. అప్పటికే మూడు వైర్లు మార్చి చూశానని చెప్పినా, తన ముందు మరోసారి మార్చాలన్నాడు. ఆ తరువాత లైటు ఆరిపోవడాన్ని వీడియో తీసి పంపమన్నాడు. పంపాను. చీకటిగా ఉంది, ఏమీ కనిపించడం లేదు, పగటివేళ తీయండి అని జవాబు వచ్చింది. లైటు ఆరిపోయే వీడియోలో చీకటి కాక ఏం కనిపిస్తుందో నాకు అర్థం కాలేదు. అయినా పగలు తీసి పంపాను. ఇప్పుడు లైటు వెలుగుతోందో లేదో సరిగా తెలియడం లేదని రాసి, ఆ ఫిర్యాదును కూడా మూసేశారు.

జనవరి మొదటి వారంలో మీ సూపర్‌వైజరు ఒకరు ఫోనులోకి వచ్చి, కొరియరు మనిషిని ఇంటికే పంపుతామని, బ్యాటరీ తీయకుండా డబ్బాలో పెట్టి ఉంచమని చెప్పారు. ఆ మాటకు నేను చాలా సంతోషించాను, ఆ సంగతి మా ఇంట్లో కూడా చెప్పాను. రెండు రోజులు నేను రొయ్యలకు మేత వేయడానికి కూడా వెళ్ళకుండా ఇంటి దగ్గరే కూర్చుంటే, వినియోగదారుడు ఇంట్లో లేడని సందేశం వచ్చింది. మూడవ రోజు వచ్చిన కుర్రాడు లోపల లిథియం బ్యాటరీ ఉందని తెలిసి, అలా తీసుకువెళ్ళడం తమకు కుదరదని, బ్యాటరీ తీసి ఇమ్మని అన్నాడు. మీకు ఫోను చేస్తే, బ్యాటరీ తీస్తే వారంటీ పోతుందన్నారు. అతనితో మాట్లాడండి అని ఫోను అతని చేతికిస్తే, మీ వారు పెట్టేశారు. వినియోగదారుడు వస్తువు ఇవ్వడానికి నిరాకరించాడన్న కారణంతో మూడవ ఫిర్యాదు మూతపడింది. నేను నిరాకరించానట! ఈ ఒక్క మాట నన్ను ఎంత బాధపెట్టిందో రాయడం కష్టం. మా కుటుంబంలో మూడు తరాలుగా ఇచ్చిన మాట తప్పిన మనిషి లేడు. నేను అనని మాటను నేనన్నట్టుగా మీ రికార్డులో రాసుకున్నారు.

జనవరి 20న భీమవరంలో బస్సెక్కి విజయవాడలోని మీ సర్వీసు సెంటరుకు వెళ్ళాను. రొయ్యల పట్టుబడి దగ్గరపడిన రోజుల్లో చెరువును జీతగాడికి అప్పజెప్పి వెళ్ళడమంటే ఏమిటో మా వాళ్ళకు తెలుస్తుంది. అక్కడి అబ్బాయి లైటు తీసుకుని, ఒక చీటీ రాసిచ్చి, పది పనిదినాలు అన్నాడు. అతని మీద నాకు ఫిర్యాదు లేదు, నా మాట విని లైటును చేతిలోకి తీసుకుని చూసినవాడు అతనొక్కడే. పది రోజులు దాటాక ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఫిబ్రవరి చివర మీ సహాయ కేంద్రం వారు, ఆ సర్వీసు సెంటరుతో తమ ఒప్పందం ముగిసిందని, అక్కడ ఇచ్చిన వస్తువుల వివరాలు తమ దగ్గర లేవని, నేను కొత్తగా ఫిర్యాదు నమోదు చేసుకోవాలని చెప్పారు. కొత్త ఫిర్యాదుకు లైటు వెనకాల ఉన్న సీరియల్ నంబరు కావాలన్నారు. లైటు మీ దగ్గరే ఉంటే నంబరు నేనెక్కడ చూసి చెప్పాలి? చీటీ మీద రాసి ఉన్న నంబరు చెప్పాను. అది సెంటరు వారి సొంత నంబరని, పనికిరాదని అన్నారు. బిల్లు మీద సీరియల్ నంబరు వేయని తప్పు మీదే గాని నాది కాదు. నాలుగవ ఫిర్యాదు ‘తగిన వివరాలు లేవు’ అని, వాట్సాప్‌లో పెట్టిన అయిదవది ‘వినియోగదారుడి నుంచి స్పందన లేదు’ అని మూతపడ్డాయి. ఆ అయిదవ దానికి నేను పంపిన పద్నాలుగు సందేశాలు, ఒక్కొక్కదానికీ యంత్రం పంపిన ఒకే రకం జవాబు, తేదీలతో సహా నా ఫోనులో భద్రంగా ఉన్నాయి.

మార్చి 29 తెల్లవారుజామున మూడున్నరకు కరెంటు పోయింది. మా నాన్నగారి కాలం నాటి మూడు బ్యాటరీల లైటు పట్టుకుని గట్టు మీద పరుగెత్తాను. దాని వెలుగు అవతలి మూలకు చేరదు గనుక, చెరువు చుట్టూ తిరిగితే గాని ఆ మూలన రొయ్యలు తేలాయన్న సంగతి తెలియలేదు. జనరేటరు వేసేసరికే నష్టం జరిగిపోయింది. ఆ నష్టానికి మీరు బాధ్యులని నేను అనను, చెరువు నాది, కాపలా నాది. కానీ ఆ ఉదయమే, చచ్చిన రొయ్యలను వలతో తీస్తుండగా మీ సందేశం వచ్చింది. నా సమస్య పరిష్కారమైనందుకు మీకు సంతోషంగా ఉందట, మీ సేవకు అయిదింటిలో ఎన్ని నక్షత్రాలు ఇస్తానో చెప్పాలట. ఆ క్షణంలో గట్టు మీద కూర్చుండిపోయాను. ఆరేళ్ళ నమ్మకం నాకు ఆనాటితో చెదిరిపోయింది.

ఆ లైటును బాగుచేసి పంపుతారో, మరొకటి ఇస్తారో, డబ్బు తిరిగి వేస్తారో మీరే ఆలోచించుకోండి. ముందు అది ఇప్పుడు ఎక్కడుందో చెప్పండి. మూసేసిన అయిదు ఫిర్యాదుల్లో ‘నిరాకరించాడు’, ‘స్పందన లేదు’ అని నా మీద రాసిన మాటలను కొట్టేసి, కొట్టేసినట్టు నాకు కాగితం మీద రాసి పంపండి. దాని మీద ఒక మనిషి పేరు, సంతకం ఉండాలి.

చట్టం నాకు తెలియదని మీరు అనుకోవద్దు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, మీలా సొంత వెబ్‌సైటులో అమ్మే సంస్థకు ఫిర్యాదుల అధికారి ఒకరు ఉండాలి. ఆయన ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లోపు తెలియజేయాలి, నెల రోజుల్లోపు పరిష్కరించాలి. మీ వెబ్‌సైటులో ఆ అధికారి పేరు కోసం మా అబ్బాయి, నేను రెండు సాయంత్రాలు వెతికినా దొరకలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, కొన్నవాడు తాను నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చని చెబుతోంది. 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరీ కాదు. ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లోపు జవాబు రాకపోతే, ముందు జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసి నమోదు చేస్తాను, ఆ తరువాత జిల్లా కమిషన్‌కు వెళతాను. లైటు ధర ఒక్కటే కాదు, బస్సు ఛార్జీలు, పోయిన పనిదినాలు, పడిన మనోవేదన కూడా అడుగుతాను. నా మాట మీద మీ లైట్లు కొన్న ఆ పదకొండు మందికి ఈ ఉత్తరం నకలు ఇస్తున్నాను, వారిలో ఇద్దరి లైట్లు వచ్చే వేసవికి వారంటీ దాటుతాయి. ఇకపై ఎవరైనా ఏ లైటు కొనమంటారని నన్ను అడిగితే, వెలుగు విషయంలో మీదే మంచిదని అప్పుడూ చెబుతాను, అది నిజం గనుక. పాడైతే ఏమవుతుందో కూడా చెబుతాను.

బిల్లు, సర్వీసు సెంటరు చీటీ, అయిదు ఫిర్యాదుల సందేశాల నకళ్ళు జతపరిచాను. అసలు చీటీని నా దగ్గరే ఉంచుకున్నాను. ఫోను చేసేటట్లయితే తెలుగు తెలిసినవారి చేత సాయంత్రం ఆరు గంటలలోపు చేయించండి. ఆ తరువాత నేను చెరువు మీద ఉంటాను.

ఇట్లు,
2019 నుంచి మీ వినియోగదారుడైన
ఒక రొయ్యల రైతు