రిజిస్టరు చదివి వినిపించిన తాతగారికి, మా బడికి చేయి వేసిన అందరికీ కృతజ్ఞతలు

ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గర మా ఊరి బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి కుళాయికి పోయిన సోమవారం నీళ్ళు వచ్చాయి. ఆ మధ్యాహ్నం ఏడో తరగతి చదివే మా అమ్మాయి ఇంటికి రాలేదు. ఏమైందోనని నాకు ఒకటే టెన్షన్. కుట్టుమిషన్ ఆపేసి బడికి పరుగెత్తితే, అది వరండాలో స్నేహితురాళ్ళతో కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. "ఇంటికెందుకమ్మా? ఇక్కడే నీళ్ళున్నాయి కదా" అంది. ఇన్నాళ్ళూ బడిలో అన్నం తిన్నాక ఆ అవసరానికే ఇంటికొచ్చేది. సగం రోజులు మళ్ళీ వెళ్ళేది కాదు. బద్ధకం అనుకుని నేను తిట్టేదాన్ని.

ఆ కుళాయి వెనక చాలామంది చేతులున్నాయి. ఇంటింటికీ వెళ్ళి చెప్పాలనే ఉంది కానీ కొందరు ఊళ్ళో లేరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన తాతగారికి నమస్కారం. నేను మూడేళ్ళుగా స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో ఉన్నాను. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది పిల్లల తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం మీద సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మా దగ్గరా ఆ లెక్క సరిగ్గానే ఉండేది. కానీ ఇంట్లో మాది తెలుగు, బడి ఒడియా మీడియం, మీటింగు రిజిస్టరు ఒడియాలో. "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అంటే పెట్టి, పొయ్యి మీద అన్నం ఉందని వచ్చేసేవాళ్ళం. ఇందులో ఏం రాశారని మాలో ఒక్కరమూ అడగలేదు.

మనవడిని చేర్పించడానికి వచ్చిన తాతగారు అది చూశారు. "ఏటమ్మా, సదవకుండానే సంతకాలెట్టేస్తన్నారేటి?" అన్నారు. ఆ ఆదివారం మమ్మల్నందర్నీ వేపచెట్టు కింద కూర్చోబెట్టారు. కళ్ళద్దాల కాడ విరిగితే దారం కట్టుకుని, ఒక్కో వాక్యం ఒడియాలో చదివి తెలుగులో చెప్పారు. రెండు గంటలు పట్టింది. ముప్పై దాటి వంద లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద ఏడాదికి 25,000 రూపాయల కాంపోజిట్ గ్రాంటు, అంటే బడి ఖర్చులకిచ్చే డబ్బు, ఉంటుందని, అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకే ఖర్చు పెట్టాలని ఆ రోజే మాకు తెలిసింది. బడికి ఏమేం కావాలో ప్లాను రాయాల్సింది కమిటీయే అని ఆయన చెబితే, మా తోటికోడలు "అంటే మనమేనా?" అంది. రెండుసార్లు అడిగింది.

ప్లానులో మొదటి మాట నీళ్ళే రాశాం. చేతిపంపు ఉంది కానీ మోటారు లేదు, ట్యాంకు లేదు, పైపులు ఎప్పుడో పగిలిపోయాయి. ఆ ఏడాది గ్రాంటు కరెంటు బిల్లుకూ సుద్దముక్కలకూ సున్నానికీ అయిపోయింది. హెడ్‌మాస్టరు గారు ఆ లెక్క అంతా తెలుగులో, ఒడియాలో రాయించి ఆఫీసు గది గోడకి అంటించారు. ఎవరూ అడగకముందే ఆ పని చేసినందుకు ఆయనకు చేతులెత్తి దండం పెడుతున్నాను. గోడ మీద లెక్క చూశాకే ఊళ్ళో జనం డబ్బు ఇవ్వడానికి ముందుకొచ్చారు.

2017లో ఒడిశా ప్రభుత్వం 'మో స్కూల్' అని పెట్టి పాత విద్యార్థులను వాళ్ళ బడులకు సాయం చెయ్యమని పిలిచింది. 'మో' అంటే ఒడియాలో 'నా'. ఆ మాట పట్టుకునే మేమూ ఫోన్లు చేశాం. వైజాగ్‌లో ఉన్న అన్నయ్యలు మోటారు కొనిచ్చారు. సూరత్ మిల్లులో పనిచేసే తమ్ముడు ట్యాంకు పంపించాడు. ప్లంబర్ బావ మూడు రోజులు కూలి తీసుకోలేదు. టీ అయినా తాగమంటే, మోటారు ఆడాక తాగుతానన్నాడు. ఇసుక ఇచ్చినవాళ్ళూ ఇటుకలు మోసినవాళ్ళూ పేర్లు వద్దన్నారు.

బడిలో మధ్యాహ్న భోజనం వండే మహిళా సంఘం అక్కలకు ఇంకో పెద్ద కృతజ్ఞత. పిల్లలకు వడ్డించే ముందు అమ్మల్లో ఒకరం వచ్చి రుచి చూస్తామంటే తప్పు పట్టుకోవడానికి వస్తున్నామని అనుకోలేదు. పీట వేసి డాల్మా (కూరగాయలు వేసిన పప్పు) గిన్నె ముందు పెట్టారు. గుడ్లు వండే రోజు లెక్కపెట్టడానికి మమ్మల్నే పిలుస్తున్నారు.

శనివారం కథల గంట సంగతి చెప్పకుండా ఉండలేను. ఒకటో తరగతి పిల్లలకు ఒడియా మాట అర్థంకాక బిక్కమొహం వేసుకుని కూర్చుంటారు. అది చూసే ఏడుపొచ్చి కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని ఆంధ్రలోని పాతపట్నం వైపు వెళ్ళే స్కూలు వ్యానుల్లో ఎక్కించేశారు. వీలైనంత వరకు పిల్లల మాతృభాషలోనే చదువు చెప్పాలని ఆ విద్యాహక్కు చట్టంలోనే ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి రాజావారి స్కూల్లో పనిచేస్తూ అక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పించారు. అదే ఊరి పక్కన ఉండి మన పిల్లలకి మనం ఒక్క గంట ఇవ్వలేమా అనిపించింది. అందుకే ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29నే మొదలుపెట్టాం. టీచరమ్మ ఒడియా పాఠం చదువుతుంటే పక్కన ఒక అమ్మ అదే కథ తెలుగులో చెబుతుంది. పిల్లలు పలక మీద రెండు అక్షరాలూ రాసి, తెలుగుకి తలకట్టు, ఒడియాకి గొడుగు అని చూపిస్తున్నారు. ఒడియా అక్షరం నెత్తి నిజంగా గొడుగులాగే ఉంటుంది, అంతకుముందు నేను గమనించలేదు. వ్యాను ఎక్కిన పిల్లల్లో ఇద్దరు తిరిగొచ్చారు. మాకు తోడుగా గంటసేపు ఎక్కువ కూర్చుంటున్న టీచరమ్మకు ఎంత చెప్పినా తక్కువే.

వచ్చే నెల మీటింగుకి తాతగారు రాలేరు, కంటి ఆపరేషన్ అయింది. రిజిస్టరు ఈసారి నేను చదువుతాను. మా అమ్మాయి దగ్గర రోజూ రాత్రి నాలుగు గొడుగుల చొప్పున నేర్చుకుంటున్నాను. కూడబలుక్కుని చదువుతాను, టైము పడుతుంది. అందరూ ఇంట్లో వంట ముగించుకునే రండి.