సూరిబాబుకి, నీ టేబుల్ గొడవ గురించి

ఒరేయ్ సూరిబాబూ,

నువ్వు పంపిన ఆటోక్యాడ్ డ్రాయింగ్ తెరిచి చూశానురా. ఆ బార్ బెండింగ్ షెడ్యూలు, అదే ఇనప కడ్డీల పట్టిక, ఎవరు వేశారో గానీ, ఒక గడిలో ఏరియల్ ఫాంటు, పక్క గడిలో రొమాన్స్, ఆ కింద ఎక్సెల్ నుంచి వచ్చిపడ్డ కాలిబ్రి. డేటా అక్షరాలన్నీ 3.5 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే మధ్యలో రెండు గళ్ళు మాత్రం 2.73. మీ మస్కట్ ఆఫీసులో చెకింగ్ చేసే పెద్దాయన ఎర్ర పెన్నుతో చుట్టి తిప్పి పంపాడని ఆయన్ని అంతలేసి మాటలన్నావు గానీ, నేనైనా తిప్పే పంపేవాణ్ణి.

"ఎన్నిసార్లు సరిచేసినా మళ్ళీ మొదటికొస్తోంది" అని రాశావు. నువ్వు సరిచేస్తున్న చోటే తప్పురా. గడి మీద డబుల్ క్లిక్ కొట్టి, అక్షరాలు సెలెక్ట్ చేసి, పైన ఫాంటు మార్చి, ఎత్తు మార్చి, హమ్మయ్య అనుకుంటున్నావు చూడు, గొడవంతా అక్కడే పుడుతోంది. ఆటోక్యాడ్ టేబుల్లో అక్షరం రూపాన్ని నిర్ణయించేది ఒక్కటి కాదు. అన్నిటికంటే అడుగున టెక్స్ట్ స్టైల్ ఉంటుంది, ఫాంటు అక్కడిదే. దాని మీద టేబుల్ స్టైల్, అందులో టైటిల్, హెడర్, డేటా అని సెల్ స్టైల్స్. ఆపైన ఒక్కో గడికి విడిగా పెట్టిన ఓవర్‌రైడ్, అంటే స్టైల్‌ని కాదని చేసిన మార్పు. ఇవన్నీ పోనీ అనుకుంటే, గడి లోపల అక్షరాలకే అంటించిన ఫార్మాటింగ్ ఇంకొకటి. పైదాని మాటే చెల్లుతుంది. అందుకని నువ్వు టేబుల్ స్టైల్లో ఎంత మార్చినా, చెయ్యి పెట్టిన గళ్ళు మాత్రం కదలవు, లేదంటే అడ్డదిడ్డంగా కదులుతాయి.

ఆ 2.73 సంగతి చూడు, నాకు భలే సరదా వేసింది. ఎవడూ కీబోర్డు మీద 2.73 అని కొట్టడు కదా, మరి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని కాసేపు లెక్క వేశాను. మొదట మీ టేబుల్ ఎత్తు 3.2 అయ్యుండాలి. ఎవరో ఆ రెండు గళ్ళలో మాట పట్టక రెండో లైనులోకి పోతుంటే అక్షరాలు సెలెక్ట్ చేసి 2.5 చేశారు. ఆటోక్యాడ్ దాన్ని 2.5 అని రాసుకోదు, అసలు ఎత్తులో ఎన్నో వంతు అని రాసుకుంటుంది, అంటే 2.5ని 3.2తో భాగిస్తే వచ్చే 0.78125. నీకు గడిలో కనిపించేది టి12, అంటే 12 మిల్లీమీటర్ల కడ్డీ, అన్న ముక్కే, కానీ ఫైల్లో దాని ముందు బ్యాక్‌స్లాష్, హెచ్, 0.78125, ఎక్స్ అని ఒక తోక ఉంటుంది. తరవాత ఇంకెవరో బుద్ధిమంతుడు టేబుల్ స్టైల్లో ఎత్తు 3.5కి పెంచాడు. అన్ని గళ్ళూ 3.5కి వచ్చాయి, ఆ రెండూ మాత్రం 3.5లో 0.78125 వంతు, అంటే 2.73 దగ్గర ఆగాయి. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరి పని వాళ్ళు చేశారు, డ్రాయింగ్ మాత్రం పాడైంది.

ఇప్పుడు ఏం చెయ్యాలంటే, ముందు గళ్ళన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్‌లో రిమూవ్ ఆల్ ప్రాపర్టీ ఓవర్‌రైడ్స్ అని ఉంటుంది, అది కొట్టు. దాంతో గడికి పెట్టిన రంగులు, ఎలైన్‌మెంట్లు, ఎత్తులు పోతాయి. కానీ లోపల తోకలు మిగిలిపోతాయి, వాటికోసం గడిలోకి వెళ్ళి కంట్రోల్ ఏ కొట్టి, రైట్ క్లిక్‌లో రిమూవ్ ఫార్మాటింగ్ చెయ్యాలి. నాలుగైదు గళ్ళైతే సరే, మీ షెడ్యూలంత ఉంటే చేతులు పడిపోతాయి. అప్పుడు స్ట్రిప్‌ఎంటెక్స్ట్ అని ఒక లిస్ప్, అంటే ఆటోక్యాడ్‌లో నడిచే చిన్న ప్రోగ్రాం, దొరుకుతుంది, టేబుల్ మొత్తానికి ఒకేసారి తోకలు కోసేస్తుంది. మీ ఆఫీసులో లిస్ప్‌లు లోడ్ చెయ్యనివ్వకపోతే ఆ షెడ్యూలు కొత్తగా వెయ్యడమే నయం, నన్నడిగితే.

కొత్తగా వేసేటప్పుడు టెక్స్ట్ స్టైల్లో ఎత్తు సున్నా ఉంచు. ఇది చాలామంది పట్టించుకోరు. అక్కడ 2.5 అని పెట్టేశావంటే టేబుల్ స్టైల్లో ఎత్తు గడి బూడిద రంగులోకి పోతుంది, ఇక టైటిల్‌కి ఒక ఎత్తు, డేటాకి ఒక ఎత్తు ఇవ్వలేవు. అప్పుడు జనం ఏం చేస్తారు, మళ్ళీ గడిలో చెయ్యి పెడతారు! సున్నా ఉంచి, ఎత్తులన్నీ టేబుల్ స్టైల్లోనే ఇచ్చుకో.

ఏ ఎత్తు ఇవ్వాలంటావా, పాలిటెక్నిక్‌లో మనచేత గైడ్ లైన్లు గీయించి మరీ దిద్దించిన అంకెలే, 1.8, 2.5, 3.5, 5, 7. డ్రాయింగ్ అక్షరాలకి ఉన్న ఐఎస్ఓ 3098 ప్రమాణంలో ఉన్నవీ అవే. ఒక్కోటి ముందుదానికి ఇంచుమించు 1.4 రెట్లు, కాగితం పొడవూ వెడల్పూ ఏ3 నుంచి ఏ2కి, ఏ2 నుంచి ఏ1కి పెరిగేదీ అదే లెక్కన. మీవాళ్ళు ఏ1 షీటు వేసి సైటుకి ఏ3లో ప్రింటు తీసి ఇస్తారన్నావు కాబట్టి అంతా సగానికి పడిపోతుంది, 3.5 కాస్తా 1.75 అవుతుంది, చదవొచ్చు. 2.5 పెడితే 1.25కి వస్తుంది, అది ఎండలో నిలబడ్డ మేస్త్రీ చదవాలంటే పాపం. డేటాకి 3.5, టైటిల్‌కి 5 పెట్టు. ప్రోగ్రాం దానంతటది ఇచ్చే స్టాండర్డ్ టేబుల్ స్టైల్ నమ్ముకోకు, మెట్రిక్ టెంప్లేట్లో డేటా 4.5, టైటిల్ 6 ఉంటాయి, అంగుళాల టెంప్లేట్లో 0.18, 0.25. నీ డ్రాయింగ్ మిల్లీమీటర్లలో ఉండి టెంప్లేటు అంగుళాలదైతే టేబుల్ ఎక్కడుందో జూమ్ చేసి వెతుక్కోవాలి.

స్టైల్‌కి సొంత పేరు కూడా పెట్టుకోరా, స్టాండర్డ్ అన్న పేరు మీద పని చెయ్యకు. ఒక డ్రాయింగ్‌లోంచి ఇంకోదాంట్లోకి టేబుల్ కాపీ చేస్తే, అక్కడ అదే పేరుతో స్టైల్ ఉంటే అక్కడిదే నెగ్గుతుంది. నీ స్టాండర్డ్‌లో రొమాన్స్, వాడి స్టాండర్డ్‌లో టిఎక్స్‌టి ఫాంటు ఉందనుకో, పేస్ట్ చేసిన మరుక్షణం నీ టేబుల్ వాడి వేషం కట్టేస్తుంది. ఇంకో మాట, డిడబ్ల్యుఎస్ అనే ప్రమాణాల ఫైలు పెట్టుకుని చెక్‌స్టాండర్డ్స్ కమాండు నడిపితే అన్నీ పట్టుబడతాయని మీ పక్క సీటువాడు చెప్పాడన్నావు. అది లేయర్లు, లైన్‌టైపులు, డైమెన్షన్ స్టైల్స్, టెక్స్ట్ స్టైల్స్ వరకే చూస్తుంది. టేబుల్ స్టైల్ జోలికి పోదు.

ఇక్కడ మాకు వేసవి పనులు మొదలయ్యాయి. కాలవలు కట్టేసి, మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదిలేలోపు గట్లు, తూములు, లాకుల రిపేర్లు అన్నీ అయిపోవాలి కదా, ఎస్టిమేట్లూ డ్రాయింగులూ అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ప్రతి ఎల్ సెక్షన్, అంటే కాలవ పొడవునా గీసే కోత, షీటు మీదా హైడ్రాలిక్ పర్టిక్యులర్స్ టేబుల్ ఉండాలి, చైనేజీ (మొదలు నుంచి దూరం), బెడ్ లెవెల్ (అడుగు మట్టం), ఎఫ్ఎస్ఎల్ (నిండు నీటి మట్టం), బెడ్ విడ్త్ (అడుగు వెడల్పు), డిశ్చార్జి (సెకనుకి పారే నీరు). ఈ టేబుల్లో ఫాంటు కంటే నాకు అంకెలతోనే పేచీ. మన డెల్టా కాలవలు కిలోమీటరు పోయినా వాలేది సెంటీమీటర్లలోనే, అందుకని లెవెల్ మూడు దశాంశాలు రాస్తాం. ఒకడు 3.5 అని, ఇంకొకడు 3.50 అని, మరొకడు 3.500 అని కొడితే, 3.5 అన్నవాడు నిజంగా కొలిచి రాశాడా, ఉజ్జాయింపుగా వేశాడా అని చూసేవాళ్ళకి అనుమానం. సెల్ స్టైల్లో ఫార్మాట్ అని ఉంటుంది చూడు, దాన్ని జనరల్ నుంచి డెసిమల్ నంబర్ చేసి ప్రెసిషన్ మూడు స్థానాలు ఇచ్చేస్తే 3.5 అని కొట్టినా 3.500 అనే కనిపిస్తుంది. ఎలైన్‌మెంటు మిడిల్ రైట్ పెట్టు, చుక్కలన్నీ ఒకదాని కింద ఒకటి నిలబడతాయి. అంకెల్ని సెంటర్ చేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

ఎక్సెల్ నుంచి పేస్ట్ చెయ్యడం మానేసి డేటాలింక్ పెట్టుకో, అది ఎక్సెల్ ఫైలుని నీ టేబుల్‌కి కలిపి ఉంచుతుంది. లింక్ పెట్టేటప్పుడు కింద మూల బాణం నొక్కితే ఇంకొన్ని ఆప్షన్లు తెరుచుకుంటాయి, అందులో యూజ్ ఎక్సెల్ ఫార్మాటింగ్ అన్న టిక్కు తీసెయ్. అప్పుడు అంకెలు మాత్రం ఎక్సెల్ నుంచి వస్తాయి, రూపం నీ టేబుల్ స్టైల్‌ది ఉంటుంది. ఆ టిక్కు ఉంచితే కాలిబ్రి, దానితోపాటు ఎక్సెల్ రంగులూ వచ్చేస్తాయి. రంగులతో ఇంకో తంటా ఉంది. మీరు సిటిబితో, అంటే రంగుని బట్టి గీత మందం నిర్ణయించే ఫైలుతో, ప్రింటు తీస్తారు, అది ఒకటి నుంచి 255 వరకు నంబర్లున్న ఇండెక్స్ రంగుల్నే గుర్తుపడుతుంది, ఎక్సెల్ నుంచి వచ్చే ట్రూ కలర్‌ని పట్టించుకోదు. రొమాన్స్ లాంటి, ఒట్టి గీతలతో గీసే ఎస్‌హెచ్ఎక్స్ ఫాంటులో గీత మందం రంగుని బట్టే కదా వచ్చేది, అందుకే నీ షీట్లో కొన్ని వరసలు లావుగా, కొన్ని సన్నగా పడ్డాయి. ఫాంటు తేడా అనుకున్నావు నువ్వు.

తెలుగు పేర్ల సంగతి కూడా అడిగావు, మీ అన్నయ్య ఇంటి ప్లాన్‌లో గదుల పట్టిక తెలుగులో కావాలన్నాడని. యూనికోడ్ కాని పాత 'అను' ఫాంటుల్లో కొట్టొద్దు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. యూనికోడ్‌లో కొట్టి, తెలుగు గడులకి విడిగా ఒక సెల్ స్టైల్ పెట్టి నిర్మలా యుఐ ఇవ్వు. రొమాన్స్‌లో తెలుగు అక్షరాలు ఉండవు కాబట్టి దాన్లో ఉంచితే వరసగా ప్రశ్నార్థకాలే వస్తాయి.

మొన్న మీ అమ్మగారు సంతలో కనపడ్డారు, బాగున్నారు, నీకు పెళ్ళి సంబంధం చూస్తున్నామన్నారు, నువ్వేమో ఫోన్లో తేల్చి చెప్పడం లేదట. ఆ లెక్క నువ్వే తేల్చుకో, నేను మధ్యలో దూరను.

నా టేబుల్ స్టైల్స్, టెక్స్ట్ స్టైల్స్ అన్నీ ఉన్న ఖాళీ ఫైలు ఒకటి ఈరోజే మెయిల్లో పెడుతున్నాను. టెంప్లేట్‌గా కాకుండా మామూలు డ్రాయింగ్ ఫైలుగా, అంటే డిడబ్ల్యుజిగా, 2013 ఫార్మాట్‌లో సేవ్ చేశాను, మీ దగ్గర పాత వెర్షన్ అన్నావుగా. తెరిచి నువ్వే అక్కడ టెంప్లేట్‌గా, అంటే డిడబ్ల్యుటిగా సేవ్ చేసుకో. కొత్త షెడ్యూలు దాంట్లో వేసి, ఆ పెద్దాయన దగ్గరికి పంపేముందు ఒక పిడిఎఫ్ నాకు పంపించు, ఏ3 సైజులో.

నీ
వీరబాబు
అమలాపురం