బ్రష్‌కి మూత పెట్టమన్నది నేనే

మన షాపులో షేవింగ్ బ్రష్ కొన్నవాళ్లందరికీ ఒక విషయం చెప్పాలి. దసరా తర్వాత తొమ్మిది బ్రష్‌లు వెనక్కి వచ్చాయి. వాసనొస్తోందని కొందరు, వెంట్రుకలు రాలుతున్నాయని కొందరు. ఒక పెద్దాయనైతే కుచ్చు ఒక చేత్తో, పిడి ఒక చేత్తో పట్టుకొచ్చి కౌంటర్ మీద పెట్టి, "ఏంది నాయనా ఇది?" అన్నారు. మొదట నేను కంపెనీ మీదకి తోసేశాను. సరుకు పంపే ఆయనతో ఫోన్లో గొడవ కూడా పడ్డాను.

ఒక రాత్రి షాపు కట్టేశాక, తిరిగొచ్చిన వాటిలో ఒకటి తీసుకుని పిడి దగ్గర బ్లేడుతో చీల్చి చూశాను. పైపైన వెంట్రుకలు శుభ్రంగానే ఉన్నాయి. మొదళ్లలో మాత్రం పాత సున్నంలా తెల్లగా సబ్బు గడ్డకట్టి ఉంది. దాని కింద ఇంకా తడి. ఆ బ్రష్ వాడి నాలుగు రోజులైందట! ముక్కు దగ్గర పెట్టుకుంటే వానకు తడిసిన గోనెసంచి వాసన.

నాలుగు రోజులైనా ఎందుకు ఆరలేదంటే, మూత వల్ల. "బొద్దింకలు పాకుతాయి, కడిగి మూత పెట్టేయండి" అని అమ్మేటప్పుడు అందరికీ చెప్పింది నేనే. ఆ ప్లాస్టిక్ మూత ఊళ్లకు వెళ్లేటప్పుడు కుచ్చు నలక్కుండా ఉండటానికి పెట్టింది. తడి బ్రష్‌కి పెడితే ఆవిరి బయటికి పోదు. దానికి తోడు కార్తీకంలో మొంథా తుఫాను, ఆ తర్వాత ముసురు. ఒంగోల్లో ఉతికిన బట్టలే ఆరని రోజులవి.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. బ్రష్‌ని తలకిందులుగా వేలాడదీయకపోతే పాడైపోతుందని చెప్పి స్టాండ్లు అంటగట్టాను. నీళ్లు బాగా దులిపేశాక, నిలబెట్టినా వేలాడదీసినా పెద్ద తేడా ఉండదు, గాలి తగలడమే ముఖ్యం. మా నాన్న బ్రష్ ఎనిమిదేళ్లుగా కిటికీలో పటిక ముక్క పక్కన నిలబడే ఉంది, దానికి ఏ రోగమూ రాలేదు. ఇంట్లో ఉన్న ఆ సాక్ష్యం నా కంటికి ఆనలేదు మరి.

షేవింగ్ అయ్యాక కుళాయి కింద పెట్టి, కుచ్చుని వేళ్లతో విప్పుతూ, పిండితే వచ్చే నీళ్లు తేటగా అయ్యేదాకా కడగండి. చాలామంది కొసలు కడిగి వదిలేస్తారు, సబ్బు దాక్కునేది మొదట్లో. తర్వాత మెల్లగా పిండండి, మెలిపెట్టొద్దు. నాలుగుసార్లు గట్టిగా విదిలించి, పాత తువ్వాలు మీద అటూ ఇటూ రాసి, బాత్రూం బయట గాలి తగిలే చోట పెట్టండి. మిట్టమధ్యాహ్నం ఎండలో పెడితే చెక్క పిడి పగులుతుంది. మరిగే నీళ్లు అసలు వద్దు, కుచ్చుని పిడిలో పట్టి ఉంచే జిగురు వదిలేస్తుంది. పైన చెప్పిన పెద్దాయన బ్రష్ సంగతి అదే, రోజూ గీజర్ నీళ్లు పొగలు కక్కేటట్టు పట్టేవారట.

మన బోరు నీళ్ల సంగతి వేరే చెప్పాలి. కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒకాయన బ్రష్ చీపురుపుల్లల్లా బిరుసెక్కింది. ఆయన బాగానే కడుగుతున్నారు, కానీ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి, నీళ్లలో కరగని తెల్లటి జిడ్డుగా వెంట్రుకలకు పడుతుంది. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాల తెల్ల వెనిగర్ కలిపి, కుచ్చు మాత్రమే పది నిమిషాలు ముంచి, బాగా కడిగేయమన్నాను. మెత్తబడిందని ఫోన్ చేశారు. నెలకోసారి ఇలా చేస్తే చాలు. రోజూ చివర్లో ఒక గ్లాసు క్యాన్ నీళ్లతో కడిగినా ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

పంది వెంట్రుకల బ్రష్ నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి నిదానంగా ఆరుతుంది. రోజూ గడ్డం గీసుకునేవాళ్లు రెండు పెట్టుకుని ఒక్కో రోజు ఒక్కోటి వాడితే మంచిది. ఇది అమ్ముకోవడానికి చెప్తున్నాననుకుంటే ఒక సింథటిక్ బ్రష్‌తో సరిపెట్టుకోండి, అది త్వరగా ఆరిపోతుంది. కొత్త బ్రష్‌కి మొదటి వారాల్లో నాలుగైదు వెంట్రుకలు రాలడం మామూలే, టెన్షన్ పడొద్దు. కుచ్చులు కుచ్చులుగా వస్తే పట్టుకురండి.

దసరా నుంచి కొన్నవాళ్లకి వాసన, బూజు వచ్చినా, కుచ్చు ఊడినా బిల్లు లేకపోయినా మార్చి ఇస్తాను. గీజర్ పెద్దాయనకీ ఇచ్చాను, ఆయనకి వేడి నీళ్ల సంగతి నేను చెప్పలేదు కదా. స్టాండు వద్దనుకుంటే వెనక్కిచ్చి డబ్బులు తీసుకెళ్లండి. ఇకనుంచి మూతలు తీసేసి అమ్ముతాను, ఊళ్లు తిరిగేవాళ్లు అడిగితే ఇస్తాను. ఆదివారం మధ్యాహ్నం నుంచి షాపు ఉండదు.