తాతయ్య రాగి నాణేల గురించి

అమ్మా,

వరద తగ్గిందన్నావు, మనసు కుదుటపడింది. లంకలో మామయ్య వాళ్ళ గేదెలు గట్టు మీదికి చేరాయా? నాన్నగారి మోకాలికి పాలకొల్లు డాక్టరుగారు చెప్పిందే చెయ్యండి, మళ్ళీ తైలాలు మొదలుపెట్టకండి. ఆఫీసు ఎప్పటిలాగే ఉంది.

తాతయ్య పెట్టెలోని నాణేల ఫోటోలు రాత్రి చాలాసేపు చూశాను. ఆ చిన్నవాటి మీద 96 టు వన్ రూపీ (అంటే తొంభై ఆరు కలిస్తే ఒక రూపాయి), 1794 అని ఉంది చూడు, అవి కొట్టింది నేనుంటున్న ఈ బర్మింగ్‌హామ్‌లోనే! మాథ్యూ బోల్టన్ అనే ఆయన సోహో టంకశాలలో ఆవిరి యంత్రాలతో కొట్టించి ఇస్తే, ఈస్టిండియా కంపెనీవాళ్ళు ఉత్తర సర్కారులకు, అంటే మన వైపుకే, ఓడల్లో తెచ్చారు. టంకశాల ఇప్పుడు లేదు గానీ ఆయన ఇల్లు మ్యూజియంగా ఉంది. బెంగగా ఉన్నప్పుడు అటు వెళ్తుంటాను, అక్కడ నిలబడితే ఇది మరీ పరాయి ఊరనిపించదు.

వాటిని చింతపండు పెట్టి మాత్రం తోమొద్దమ్మా. తళతళలాడతాయి గానీ పై పొర పోతుంది, ఆ తర్వాత ఏది అరుగుదలో ఏది నాణెం కొట్టిన అచ్చులో తేడానో ఎవరూ చెప్పలేరు. అక్షరాల పక్కన గీత ఉందన్నావు కదా, సెల్ లైటు పక్కనుంచి వేసి చూడు. లోపలికి దిగి ఉంటే ఎక్కడో గీసుకుపోయిందని. పైకి ఉబ్బి ఉంటే అచ్చే పగిలింది, ఆ పగులులోకి రాగి ఎక్కింది, అప్పుడు అదే అచ్చుతో కొట్టిన ఇంకోదాని మీద కూడా సరిగ్గా అక్కడే గీత ఉండాలి. బొమ్మలో సింహాలకి మొహాల్లేని నాణేన్ని నాన్నగారు అరిగిపోయిందని పక్కన పడేశారట, నాకలా అనిపించడం లేదు. చేతులు మారి అరిగితే ఎత్తుగా ఉన్నవి ముందు నున్నబడినా, అక్షరాలు కూడా ఎంతో కొంత మొద్దుబారతాయి. దీని మీద అవి పదునుగా ఉన్నాయి. దెబ్బ సరిగ్గా పడక రాగి అచ్చులోకి పూర్తిగా ఎక్కలేదని నా నమ్మకం.

నేనేం చిక్కిపోలేదు, వీడియోలో అలా కనిపిస్తున్నాను అంతే. రోజూ వండుకునే తింటున్నాను. ఆ సంబంధం సంగతి సంక్రాంతికి వచ్చాక మాట్లాడుకుందాం, అప్పటిదాకా నాకు టెన్షన్ పెట్టకు.

పిన్ని కొడుకు ఇక్కడికి వస్తున్నాడని నాణేలు వాడి చేతికివ్వకు. వందేళ్ళు దాటినవాటిని దేశం దాటించకూడదని 1972 నాటి చట్టం ఉంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో వేస్తే పచ్చగా జిగురు పడుతుంది, ఒక్కొక్కటీ విడిగా కాగితం కవర్లో పెట్టి బీరువాలో దాచు. ముందు ఆ మొహాల్లేనిదాని రెండోవైపు ఫోటో పంపు, పగలు కిటికీ దగ్గర తియ్యి.

నీ చిన్నమ్మలు